ఇంటిపై సోలార్, ఇంట్లో బ్యాటరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత డాబాపై సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నవారూ, పెట్టించుకోబోతున్నవారూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. ధర గురించి అడిగేవారే ఎక్కువ. కానీ పెట్టిన డబ్బు ఎంత త్వరగా తిరిగి వస్తుందన్నది ధర కన్నా బిల్లులోని శ్లాబులనూ, డాబాపై పడే నీడనూ, గోడమీది మీటరునూ ఎంత బాగా అర్థం చేసుకున్నామన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే ఆ సంగతులకు ఇక్కడ ఎక్కువ చోటు దక్కింది.

మా ఇంటికి ఎన్ని కిలోవాట్లు సరిపోతాయి?

ముందుగా గత పన్నెండు నెలల బిల్లులను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క మే నెల బిల్లును చూసి నిర్ణయించుకోవడం పొరపాటు. మన రెండు రాష్ట్రాల్లో నీడ లేని డాబాపై ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది మొత్తం మీద సగటున రోజుకు 4 యూనిట్లు, అంటే నెలకు దాదాపు 120 యూనిట్లు ఇస్తాయి. ఈ లెక్కన నెలకు 350 యూనిట్లు వాడే ఇంటికి 3 కిలోవాట్లు కావాలని భాగహారం చెబుతుంది. కానీ భాగహారం చెప్పని సంగతి ఒకటుంది.

సోలార్ యూనిట్లు బిల్లును పైనుంచి, అంటే అన్నిటికన్నా ఖరీదైన శ్లాబు నుంచి కోసుకుంటూ వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో అమలులోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఈ శ్లాబుల్లో 350 యూనిట్లకు విద్యుత్ చార్జీ ఒక్కటే సుమారు రూ.2,110 అవుతుంది. ఒక కిలోవాట్ పెడితే నికర వాడకం (గ్రిడ్, అంటే వీధి లైన్ల నుంచి తీసుకున్న యూనిట్లలోంచి వాటికి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది) 230 యూనిట్లకు దిగి బిల్లు నెలకు రూ.1,050 తగ్గుతుంది. రెండో కిలోవాట్ మరో రూ.711 తగ్గిస్తుంది. మూడో కిలోవాట్ తగ్గించేది రూ.350 మాత్రమే.

కిలోవాట్‌కు రూ.60,000 ఖర్చవుతుందనుకొని, దాంట్లో కేంద్ర సబ్సిడీని తీసివేస్తే, మొదటి కిలోవాట్ డబ్బు రెండున్నరేళ్లలోపే, రెండోదాని డబ్బు మూడున్నరేళ్లలో తిరిగి వస్తాయి. మూడోదానికి పదేళ్లు పడుతుంది. కాబట్టి చేతిలో డబ్బు పరిమితంగా ఉంటే ఇలాంటి ఇంటికి 2 కిలోవాట్లే మేలైన ఎంపిక అని నా అభిప్రాయం. వచ్చే వేసవికి ఏసీయో, ఎలక్ట్రిక్ స్కూటరో కొనే ఆలోచన ఉంటే మాత్రం 3 కిలోవాట్లకు వెళ్లడం సబబు, ఎందుకంటే 2 కిలోవాట్లతో 110 దగ్గర నిలిచే నికర వాడకం అప్పుడు రూ.6 శ్లాబులోకి ఎక్కుతుంది. ట్రూ అప్ వంటి సర్దుబాటు చార్జీలను ఈ లెక్కలో చేర్చలేదు. అవి కూడా కలిస్తే ఆదా ఇంకొంత పెరుగుతుంది.

తెలంగాణలోనూ ఇదే లెక్క వర్తిస్తుందా?

సూత్రం ఒకటే కానీ మెట్లు వేరు. తెలంగాణ గృహ టారిఫ్‌లో నెల వాడకం 200 యూనిట్లు దాటగానే ఇల్లు వేరే వర్గంలోకి మారుతుంది. 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ రూ.3.40, రెండో వందకు రూ.4.80 చొప్పున మొత్తం రూ.820 పడుతుంది, 200 దాటితే ఆ మొదటి 200 యూనిట్లకే యూనిట్ రూ.5.10 చొప్పున రూ.1,020 పడుతుంది. ఆపైన శ్లాబులు రూ.7.70 నుంచి మొదలై, 800 దాటినవారికి రూ.10 వరకు వెళతాయి. అంటే నికర వాడకాన్ని 205 దగ్గర ఆపడానికీ, 195కు దించడానికీ మధ్య తేడా పది యూనిట్ల ధర కాదు, దానిపై మరో రెండు వందల రూపాయలు. సామర్థ్యం ఎంచుకునేటప్పుడు ఈ గీతను దృష్టిలో పెట్టుకోవాలి.

గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి జీరో బిల్లు అందుకుంటున్న కుటుంబాలు సోలార్ కోసం సొంత డబ్బు ఖర్చు చేయవలసిన అవసరం నాకు కనిపించదు. లేని బిల్లును తగ్గించుకోలేము కదా.

అవసరానికి మించి పెట్టించుకొని మిగిలిన కరెంటు అమ్ముకోవచ్చా?

మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కు వెళతాయి, లెక్కలో జమ అవుతాయి, నిర్ణీత కాలం చివర డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) వాటికి డబ్బు కట్టిస్తుంది. అయితే ఆ ధర మీరు పై శ్లాబులో కొనే ధర ముందు చాలా చిన్నది. మీ యూనిట్ మీ రూ.8.75 యూనిట్‌ను రద్దు చేస్తే అది లాభం. రద్దు చేయడానికి ఏమీ మిగలక గ్రిడ్‌లో ఉండిపోతే అది దాదాపు దానం. పైగా మీ మంజూరైన లోడు, మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కూడా హద్దులు గీస్తాయి. అమ్మకమే ఉద్దేశమైతే ఇంటి డాబా దానికి తగిన చోటు కాదు.

సబ్సిడీ ఎంత, ఎలా వస్తుంది?

2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000, మూడో కిలోవాట్‌కు రూ.18,000 ఇస్తారు. 3 కిలోవాట్లకు వచ్చే రూ.78,000 గరిష్ఠ పరిమితి. 5 కిలోవాట్లు పెట్టినా అంతే. జాతీయ పోర్టల్‌లో మీ సర్వీసు నంబరుతో నమోదు చేసుకొని, డిస్కం జాబితాలో ఉన్న వెండర్‌ను ఎంచుకొని, పని పూర్తయి నెట్ మీటర్ (లోపలికి వచ్చిన, బయటికి వెళ్లిన కరెంటును విడివిడిగా లెక్కించేది) బిగించి తనిఖీ ముగిశాక, సొమ్ము మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. పది కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక అధ్యయనం అక్కర్లేకుండానే ఆమోదం లభించినట్లు భావించాలని 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు చెబుతున్నాయి. ఆఫీసులో ఎవరైనా అనవసరంగా తిప్పితే ఈ మాట గుర్తుచేయవచ్చు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో దేశంలోనే తయారైనవి అయి ఉండాలి. వీటిని వ్యాపారంలో డీసీఆర్ ప్యానెళ్లు అంటారు, ధర కొంత ఎక్కువ. కొటేషన్‌లో ఆ మాట స్పష్టంగా రాయించుకోండి. రెండోది, గ్రిడ్‌తో సంబంధం లేని సోలార్‌కు ఈ సబ్సిడీ రాదు. మూడోది, బ్యాటరీకి అదనంగా ఏమీ ఇవ్వరు. బ్యాటరీకి కూడా సబ్సిడీ వస్తుందని చెప్పే వెండర్ మాట నమ్మవద్దు.

ప్యానెళ్లు ఏ దిక్కుకు పెట్టాలి? వాస్తు ప్రకారం ఇంటి ముఖాన్ని బట్టి మారుతుందా?

ఇంటి ముఖం ఎటైనా, ప్యానెళ్ల ముఖం దక్షిణానికే ఉండాలి. హైదరాబాద్ 17.4, విజయవాడ 16.5, తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి కనుక 10 నుంచి 17 డిగ్రీల వాలు సరిపోతుంది. పది డిగ్రీల కన్నా తగ్గిస్తే వాన నీళ్లు కిందికి జారక, ప్యానెల్ కింది అంచున మట్టి చారగా పేరుకుంటుంది. దక్షిణాన చోటు లేనివారు తూర్పు, పడమరలకు పెట్టుకున్నా మన అక్షాంశంలో నష్టం కొద్ది శాతమే. ఉత్తరం వైపు మాత్రం వద్దు.

చోటు విషయానికి వస్తే కిలోవాట్‌కు వంద చదరపు అడుగులు అనుకోండి. డాబాను వదులుకోవడం ఇష్టం లేనివారు ఏడెనిమిది అడుగుల ఎత్తున స్టాండు కట్టించుకుంటున్నారు. ఖర్చు పెరిగినా, కింద వేసవిలో మంచం వేసుకోవడానికి నీడ, పక్కన వడియాలు ఎండబెట్టుకోవడానికి చోటు రెండూ మిగులుతాయి, ప్యానెళ్ల కింద గాలి ఆడి అవి కొంత చల్లగానూ ఉంటాయి.

వాటర్ ట్యాంకు నీడ ఒక్క మూలన పడుతోంది. అంత చిన్న నీడతో ఏమవుతుంది?

అందరూ తేలిగ్గా తీసుకొని ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ప్యానెల్‌లోని సెల్స్ అన్నీ గొలుసులా వరుసగా కలిపి ఉంటాయి. ప్యానెళ్లు కూడా ఒకదానితో ఒకటి అలాగే కలుస్తాయి. గొట్టంలో ఒకచోట నొక్కితే మొత్తం నీటి ధార తగ్గినట్టు, ఒక సెల్‌పై నీడ పడితే ఆ వరుసలో కరెంటు పడిపోతుంది. దీనికి విరుగుడుగా ప్రతి ప్యానెల్‌లో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి. నీడ పడిన భాగాన్ని అవి పక్కన పెట్టి మిగతా భాగాన్ని పనిచేయిస్తాయి. అంటే అరచేతి వెడల్పు నీడకు ఒక్కోసారి ప్యానెల్‌లో మూడో వంతు పోతుంది. కింది అంచు పొడవునా పిట్టగోడ నీడ పడితే నష్టం ఇంకా ఎక్కువ.

నీడను వేసవిలో చూసి నిర్ణయించకండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన కిందికి దిగి వెళతాడు, నీడలు పొడవుగా సాగుతాయి. మే నెలలో ప్యానెళ్లను తాకని ట్యాంకు నీడ సంక్రాంతి నాటికి సగం వరుసను కప్పేస్తుంది. ప్యానెళ్లకు దక్షిణాన ఉన్న ట్యాంకు, మెట్ల గది, పక్కింటి కొబ్బరిచెట్టు, పక్క స్థలంలో రేపు లేవబోయే అంతస్తు, ఇవన్నీ ఆలోచించాలి. వెండర్ కొలతలకు వచ్చినప్పుడు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 మధ్య నీడ ఎక్కడెక్కడ పడుతుందో డిసెంబరు లెక్కన గీసి చూపమని అడగండి. చూపలేకపోతే మరో వెండర్‌ను చూసుకోండి. ట్యాంకును జరపడానికి అయ్యే ప్లంబర్ ఖర్చు, పాతికేళ్ల నీడ నష్టం ముందు లెక్కలోకి రాదు. జరపడానికి వీలే లేకపోతే, ఒక ప్యానెల్ నష్టం మిగతావాటికి పాకకుండా ప్రతి ప్యానెల్‌కూ విడిగా ఆప్టిమైజర్ గానీ మైక్రో ఇన్వర్టర్ గానీ పెట్టించుకోవచ్చు.

మే నెలలో అంత ఎండ కాస్తుంటే మార్చిలో వచ్చినన్ని యూనిట్లు ఎందుకు రావడం లేదు?

ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. దానిపై రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు ప్రయోగశాలలో కొలిచినవి. రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు ప్యానెల్ 65 నుంచి 70 డిగ్రీలకు చేరుతుంది. ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.35 శాతం చొప్పున తగ్గుతూ, మిట్టమధ్యాహ్నం 13 నుంచి 15 శాతం వరకు పోతుంది. 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఉన్నా యాప్‌లో 2.4 దాటడం లేదని కంగారు పడేవారికి కారణం చాలావరకు ఇదే. ఆకాశం తేటగా, గాలి ఇంకా చల్లగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలలే మంచి దిగుబడి ఇస్తాయి. జులై, ఆగస్టుల్లో మబ్బుల వల్ల పడిపోవడం సహజం.

ఎన్ని రోజులకోసారి కడగాలి, ఏ నీళ్లతో కడగాలి?

వాన లేని నెలల్లో రెండు వారాలకోసారి కడిగితే చాలు. రోడ్డు పక్కన, సిమెంటు ఫ్యాక్టరీల చుట్టుపక్కల, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం వంటి థర్మల్ కేంద్రాల దగ్గర బూడిద పడేచోట వారానికోసారి అవసరం కావచ్చు. తెల్లవారుజామున గానీ పొద్దు గూకాక గానీ కడగాలి. మధ్యాహ్నం కాలిన గాజుపై చన్నీళ్లు పోస్తే గాజు పగిలే ప్రమాదం ఉంది. సర్ఫు, పీచు, చీపురు వాడకూడదు. మెత్తటి గుడ్డ తొడిగిన పొడవాటి కర్ర చాలు.

నీళ్ల విషయం ముఖ్యం. మన బోరు నీళ్లలో చాలాచోట్ల ఉప్పదనం ఎక్కువ. మా ఇంట్లో తొలి వేసవి అంతా పైపుతో బోరు నీళ్లు కొట్టించాను. ఆరిన ప్రతిసారీ మిగిలిన సున్నపు చుక్కలు చివరకు గాజుపై తెల్లటి పొరగా కట్టి, ఎంత తుడిచినా పూర్తిగా వదలలేదు. ఇప్పుడు మంచినీళ్ల కుళాయి నీళ్లు గానీ పట్టిపెట్టిన వాన నీళ్లు గానీ వాడుతున్నాము. బోరు నీళ్లు తప్పనిసరైతే, అవి ఆరకముందే తుడిచేయాలి. పావురాల రెట్ట ఎండకముందే తీసేయాలి, ఎందుకంటే అది దుమ్ములా అంతటా పరుచుకోకుండా ఒకేచోట గట్టి నీడలా పనిచేస్తుంది.

డాబా నిండా ప్యానెళ్లు ఉన్నా, కరెంటు పోతే మా ఇంట్లో చీకటే. ఎందుకు?

మీది బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి గ్రిడ్‌తో కలిపే పెట్టె) కాబట్టి. గ్రిడ్‌లో కరెంటు ఆగిన క్షణమే అది తనంతట తాను ఆగిపోయేలా తయారు చేస్తారు. లైన్‌మన్ సరఫరా ఆపి స్తంభమెక్కి పనిచేస్తున్నప్పుడు మీ డాబా నుంచి కరెంటు తీగల్లోకి వెళితే అతని ప్రాణానికే ముప్పు. దీన్ని తప్పించే ‘చిట్కా’ ఎవరైనా చెబితే వినవద్దు. కరెంటు పోయినప్పుడు కూడా సోలార్ పనిచేయాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరూ, బ్యాటరీ కావాలి. అది ఇంటిని గ్రిడ్ నుంచి పూర్తిగా విడదీసి, ఎంపిక చేసిన లైన్లకు మాత్రమే కరెంటు ఇస్తుంది. ఈ సంగతిని అమ్మేటప్పుడు చెప్పని వెండర్లు చాలామంది ఉన్నారు.

అయితే బ్యాటరీ తప్పకుండా పెట్టించుకోవాలా?

నెట్ మీటరింగ్ ఉన్నంతకాలం, డబ్బు ఆదా కోసమైతే అక్కర్లేదు. పగలు మిగిలిన యూనిట్‌ను గ్రిడ్‌కు ఇచ్చి, రాత్రి అదే యూనిట్‌ను వెనక్కి తీసుకుంటున్నారు; ఇంతకన్నా చవకైన బ్యాటరీ ఎవరూ అమ్మలేరు. ఒక లక్ష రూపాయలు పెట్టి లిథియం బ్యాటరీ కొన్నారనుకుందాం. అది రోజుకు 4 యూనిట్ల చొప్పున పదేళ్లు దాచి ఇస్తే మొత్తం 14,600 యూనిట్లు. అంటే ఒక్కో యూనిట్‌ను దాచడానికే దాదాపు రూ.6.85 పడుతుంది. గ్రిడ్ ఆ పని ఉచితంగా చేస్తోంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలూ బంధువులూ ‘బ్యాటరీ లేకుండా సోలార్ దండగ’ అని చెబుతుంటారు. వారున్నచోట అది నిజమే కావచ్చు. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవారికి గ్రిడ్‌కు ఇచ్చే యూనిట్ ధరను బాగా తగ్గించారు. అప్పటి నుంచి పగటి కరెంటును ఇంట్లోనే దాచుకోవడం అక్కడ లాభసాటి అయింది. ఆ సలహాను మన మీటరుకు అతికించుకోకూడదు.

బ్యాటరీ అవసరమయ్యేది కోతలు ఉన్నచోట, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం వంటివి నడిచేచోట, ఇంటి నుంచే ఉద్యోగం చేసేచోట, తుఫాను వస్తే రోజుల తరబడి స్తంభాలు లేవని తీరప్రాంతాల్లో. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో చీకట్లో గడిపినవారికి దీని విలువ లెక్కలు వేసి చెప్పనక్కర్లేదు. ఇవేవీ లేనివారు ముందు నెట్ మీటర్‌తో మొదలుపెట్టి, బ్యాటరీని తర్వాత చేర్చుకోవచ్చు. అలా అనుకునేవారు మొదటి రోజే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకుంటే తర్వాత మార్చే ఖర్చు తప్పుతుంది.

ట్యూబ్యులర్ బ్యాటరీ మంచిదా, లిథియం మంచిదా? ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్ పనికొస్తుందా?

150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీలో కాగితంపై 1.8 యూనిట్లు ఉంటాయి. రోజూ అందులో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు గబగబా తరిగిపోతుంది, కాబట్టి ఒక యూనిట్ లోపే చేతికి వస్తుంది. నింపిన దాంట్లో ఐదో వంతు వరకు వేడిగా పోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక గాలి ఆడే చోట ఉంచాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 నుంచి 90 శాతం వరకు రోజూ వాడుకోవచ్చు, వేల సార్లు నింపి ఖాళీ చేయవచ్చు, నష్టం పది శాతం లోపే. ఏడాదికి పది, ఇరవై సార్లు మాత్రమే కరెంటు పోయే ఇంటికి ట్యూబ్యులర్ చాలు. రోజూ వాడే ఇంటికి లిథియమే గిట్టుబాటు.

ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్‌కు సోలార్ చార్జ్ కంట్రోలర్ తగిలించి ఒకటి రెండు ప్యానెళ్లతో బ్యాటరీని నింపుకోవచ్చు. అది విడిగా నడిచే చిన్న ఏర్పాటు. దానికి నెట్ మీటరూ ఉండదు, సబ్సిడీ ఉండదు.

ఎంత పెద్ద బ్యాటరీ కావాలి? ఏసీ నడుస్తుందా?

కరెంటు పోయినప్పుడు నిజంగా ఏవి నడవాలో కాగితంపై రాయండి. నాలుగు ఫ్యాన్లు, ఆరు ఎల్‌ఈడీ బల్బులు, ఫ్రిజ్, టీవీ, వైఫై కలిపి సుమారు 500 వాట్లు. నాలుగు గంటలకు 2 యూనిట్లు. దీనికి కోతలు అరుదైతే రెండు ట్యూబ్యులర్ బ్యాటరీలు గానీ, 2.5 యూనిట్ల లిథియం గానీ సరిపోతుంది. పాత ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. పెద్ద బ్యాటరీ కొనేముందు నాలుగు ఫ్యాన్లు మార్చడం చవక.

టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ రాత్రంతా నడవాలంటే 6 నుంచి 8 యూనిట్లు కావాలి. మార్కెట్లో మామూలుగా దొరికే 5 యూనిట్ల బ్యాటరీ తెల్లవారకముందే చేతులెత్తేస్తుంది. గీజరును, బోరు మోటారును బ్యాటరీ లైనులో కలపవద్దు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు లాగేది 750 వాట్ల పైచిలుకే అయినా, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగి ఇన్వర్టర్‌ను పడగొడుతుంది.

బ్యాటరీని ఎక్కడ ఉంచాలి? సెట్టింగులు ఎలా పెట్టుకోవాలి?

రేకుల కప్పు ఉన్న మెట్ల గదిలో వద్దు. చాలా ఇళ్లలో బ్యాటరీ ఉండేది మాత్రం అక్కడే. వేసవిలో ఆ గది 45 డిగ్రీలు దాటుతుంది, ఏ బ్యాటరీకైనా ఆయుష్షును తినేది వేడే. కింది అంతస్తులో ఎండ తగలని, గాలి ఆడే, వరద నీరు చేరని గోడ చూడండి. పడకగదిలో పెట్టవద్దు.

హైబ్రిడ్ ఇన్వర్టర్లను చాలాసార్లు పగలు నింపి రాత్రి ఖాళీ చేసే పద్ధతిలో పెట్టి వెళ్లిపోతారు. నెట్ మీటరింగ్ ఉన్న ఇంట్లో దానివల్ల ప్రతిరోజూ కొన్ని యూనిట్లు వృథాగా పోవడమే కాక, కోత పడే సమయానికి బ్యాటరీ ఖాళీగా ఉంటుంది. దాన్ని బ్యాకప్ పద్ధతికి మార్పించి, నిల్వ ఎప్పుడూ కనీసం 60 శాతం ఉండేలా చూడండి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు నూరు శాతానికి నింపుకోండి.

స్మార్ట్ మీటర్లు, వేళను బట్టి చార్జీలు వస్తే ఈ సలహా మారుతుందా?

మారుతుంది. 2023లో కేంద్రం సవరించిన నియమాల ప్రకారం పగటి సోలార్ గంటల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువగా, రద్దీ వేళల్లో ఎక్కువగా ఉండాలి. స్మార్ట్ మీటర్ ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. అమలు ఎప్పుడు, ఎంత అన్నది ఆయా రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండలి ఆదేశాలను బట్టి ఉంటుంది. పగటి యూనిట్‌కూ రాత్రి యూనిట్‌కూ ధరలో తేడా వచ్చిననాడు, వాషింగ్ మెషిన్, గ్రైండర్, మోటారు, స్కూటర్ చార్జింగ్ పగటికి మార్చుకోవడం మొదటి పని. బ్యాటరీని రోజూ వాడే లెక్క ఆ తర్వాత వస్తుంది; అదీ తేడా యూనిట్‌కు ఆరేడు రూపాయలకు దగ్గరైతేనే.

యాప్‌లో నెలకు 360 యూనిట్లు తయారైనట్లు ఉంది, బిల్లులో ఎగుమతి 210 మాత్రమే. మీటరు మోసం చేస్తోందా?

లేదు. తయారైన 360లో 150 యూనిట్లు పగలే మీ ఇంట్లో ఖర్చయ్యాయి. అవి మీటరు దాకా రానేలేదు. వీధి వైపు ఉన్న నెట్ మీటరుకు తెలిసేది లోపలికి వచ్చినదీ, బయటికి వెళ్లినదీ మాత్రమే. మీ అసలు వాడకం కావాలంటే దిగుమతికి 150 కలపండి. దిగుమతి 230 అయితే మీరు వాడింది 380, బిల్లు పడేది 20 యూనిట్లకు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ ఎలాగూ ఉంటాయి కనుక బిల్లు పూర్తిగా సున్నా కాదు. ప్రతి నెలా రీడింగ్ తీసిన రోజే దిగుమతి, ఎగుమతి అంకెలను ఫొటో తీసి ఉంచుకోండి. ఎగుమతి అంకెను బిల్లులో ఎక్కించడం మరచిపోయిన సందర్భాల్లో ఆ ఫొటోయే మీ సాక్ష్యం.

మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడే ఇన్వర్టర్ ఆగిపోతోంది. ఏం చేయాలి?

యాప్‌లో ఆ సమయానికి వోల్టేజీ చూడండి. 250 దాటి ఉంటే కారణం అదే. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద చాలా ఇళ్లు సోలార్ పెట్టుకొని, మధ్యాహ్నం వాడేవారు లేనప్పుడు వోల్టేజీ పైకి ఎగబాకుతుంది. నిర్ణీత హద్దు దాటగానే ఇన్వర్టర్ తప్పుకుంటుంది. డాబా నుంచి మీటరుకు సన్నని కేబుల్ వేసి ఉంటే సమస్య మరింత పెరుగుతుంది. ముందు దాన్ని మార్పించండి. అప్పటికీ తగ్గకపోతే రోజు, వేళ, వోల్టేజీ రాసిన పట్టికతో డిస్కం సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)కి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చడంతో చాలాచోట్ల సర్దుకుంటుంది. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు ఎక్కడా నిలవదు.

గాలివానకు, పిడుగులకు, కోతులకు ఏం జాగ్రత్త?

గాలి వేగానికి భారతీయ ప్రమాణం విశాఖపట్నం, విజయవాడలకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 44 మీటర్లు. మీ ఊరి అంకెకు తగినట్లు స్టాండు రూపొందించినట్లు కాగితం అడగండి. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసిన) ఇనుము కావాలి. రంగు వేసిన మామూలు ఇనుము సముద్రపు గాలికి కొన్నేళ్లలోనే తుప్పు పడుతుంది. ఎర్తింగ్ గుంటలు మూడు ఉండాలి: పిడుగు కడ్డీకి ఒకటి, ప్యానెళ్ల డీసీ కరెంటు వైపుకు ఒకటి, ఇంటి ఏసీ కరెంటు వైపుకు ఒకటి. ఒకే గుంటతో సరిపెట్టే పనిని ఒప్పుకోవద్దు. కోతుల బెడద ఉన్నచోట కేబుళ్లన్నీ గొట్టాల్లోనే వెళ్లాలి.

పాడైన బ్యాటరీని, పాత ప్యానెళ్లను ఏం చేయాలి?

ట్యూబ్యులర్ బ్యాటరీలో సీసం ఉంటుంది కనుక దుకాణంలో కొత్తది కొనేటప్పుడు పాతదానికి మంచి ధరే కడతారు. లిథియం బ్యాటరీని పాత ఇనుప సామాన్ల వారికి వేయకూడదు; 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే, కాబట్టి కొన్న బిల్లును దాచి ఉంచండి. ప్యానెళ్లు కూడా ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల పరిధిలోకి వచ్చాయి. అయితే వాటిని తొందరపడి తీసేయవలసిన పనిలేదు: ఏటా అర శాతం చొప్పున తగ్గుతూ, ఇరవయ్యేళ్ల తర్వాత కూడా మంచి ప్యానెల్ మొదట్లో ఇచ్చినదాంట్లో 85 నుంచి 90 శాతం ఇస్తూనే ఉంటుంది. ఈలోగా ఒకసారి మార్చవలసి వచ్చేది ఇన్వర్టర్‌నే. దానికి పదేళ్ల తర్వాతి ఖర్చుగా ఇప్పుడే కొంత పక్కన పెట్టుకోండి.